ఘటం ముందు నా మందు

నా మందు డబ్బాను మా అత్త పసుపు గుడ్డలో మూటకట్టి అమ్మవారి ఘటం ముందు పెట్టింది. నా కళ్ళెదుటే పెట్టింది. దాచడం, దొంగచాటుగా తీయడం ఆమెకు చేతకావు. మూట మీద కుంకుమబొట్టు కూడా పెట్టి, చేతులు కడుక్కుని నా వైపు తిరిగింది.

"తల్లి ఎల్లేదాకా ఇది ఇక్కడే ఉంటాది. ఎల్లాక నేనే తీసి నీ సేతిలో పెడతాను."

"అత్తా, అది రోజూ మింగాల్సిన మందు. మానితే నా కళ్ళు పోతాయి."

"ఇంట్లో తల్లుండగా మందేటే? ఆ కళ్ళిచ్చినది తల్లి కాదేటి?"

ఏడవాలో అరవాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది మూట. చెయ్యి మాత్రం లేవలేదు.

ఇంత రభస ఒక మందు డబ్బా కోసమా అనుకుంటారేమో. ఆ మందు నా దాకా ఎలా వచ్చిందో ముందు చెప్పాలి.

మాది మేనరికం. అత్త మా నాన్నకు సొంత అక్క. శ్రీముఖలింగంలో నేను పుట్టిన రోజునే "ఇది నా కోడలు" అని చెప్పి వెళ్ళిందట, అన్నంత పనీ చేసి నన్ను నరసన్నపేట తెచ్చుకుంది. బావ రైసు మిల్లులో పనిచేస్తాడు. నేను ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. పెళ్ళిళ్ళ రోజుల్లో మా వసారాలో కూర్చోడానికి చోటు ఉండేది కాదు. మెడ వెనక డిజైను నేను కుడితే కుట్టు ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలిసేది కాదని అనేవారు. అదొక్కటే నా గర్వం, మిగతా విషయాల్లో నేను ఎవరికీ తీసిపోయిందీ లేదు, మించిందీ లేదు.

ముందు ఎడమ కన్ను పోయింది. ఒక్కసారిగా కాదు. వారం రోజుల్లో, నూనె కాగితం చాటు నుంచి చూస్తున్నట్టు అన్నీ మసకబారాయి. ఊళ్ళో కళ్ళ డాక్టరు కంట్లో ఏమీ లేదన్నాడు. అత్త దిష్టి తీసింది. కొన్నాళ్ళకు చూపు సగం తిరిగి వచ్చింది, రంగులు మాత్రం వెలిసిపోయినట్టే ఉండిపోయాయి. ఆ మరుసటి ఏడు నడుము కింద నుంచి మొద్దుబారడం మొదలైంది. కాలు నేల మీద ఉందో లేదో చూసుకుని నడవాల్సి వచ్చింది. ఆ రోజుల్లో అత్తే నన్ను రెక్క పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్ళేది. నాకు సిగ్గేస్తే, "సిన్నప్పుడు నీ గుడ్డలు ఉతికినదాన్ని, ఇప్పుడేటే సిగ్గు?" అని కసిరేది. ఆమె మంచిది కాదని ఈ కథలో నేను ఎక్కడా అనను. మంచిది కాకపోయి ఉంటే నాకు అంత కష్టం ఉండేది కాదు. తిట్టుకుని ఊరుకునేదాన్ని.

చివరికి విశాఖపట్నంలో నరాల డాక్టరు పెద్ద మిషనులో పడుకోబెట్టి ఫోటోలు తీయించి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు చెప్పాడు. ఒంటికి కాపలా ఉండాల్సిన కణాలే దారి తప్పి నరాల మీద ఉండే తొడుగును కొరికేస్తాయట. కరెంటు తీగ మీద తొడుగు పోతే ఏమవుతుందో నాకు తెలుసు, మా మిషను మోటారుకు ఒకసారి అలాగే అయింది. "పూర్తిగా పోయే జబ్బు కాదమ్మా. కానీ దాన్ని అదుపులో పెట్టొచ్చు. ఇప్పుడు నోటితో వేసుకునే మందు వచ్చింది, రోజుకొక క్యాప్సూల్" అన్నాడు.

క్యాప్సూలే కదా అనుకున్నాం. జ్వరం బిళ్ళలాగా చేతిలో పెట్టి పంపేస్తారనుకున్నాం. అలా కాదు. రక్తం తీశారు, గుండెకు తీగలు పెట్టి చూశారు, కంటి వెనక పొర చూశారు. తర్వాత డాక్టరు, "చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా?" అని అడిగాడు. అత్త నాకంటే ముందే, "రాలేదు బాబూ, దీనికి ఆ తల్లి ఎప్పుడూ రాలేదు" అంది. రక్తపరీక్షలోనూ అదే తేలింది. ఈ మందు వేసుకుంటే ఒంట్లో కాపలా తగ్గుతుంది, అప్పుడు ఆటలమ్మ వస్తే ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి ముందు టీకా వేయించుకుని నెల ఆగి మందు మొదలుపెడదాం అన్నాడు. అత్త మొహం మాడిపోయింది. బయటికి వచ్చాక, "తల్లిని సూదితో ఆపుతారేటి? రాకుండా కాపలా పెడతారేటి?" అని గొణిగింది. నేను నవ్వి ఊరుకున్నాను.

మొదటి క్యాప్సూల్ ఆసుపత్రి మంచం మీదే మింగించారు. ఆరు గంటలు కదలనివ్వలేదు. గంట గంటకూ నాడి, బీపీ చూశారు. తల దగ్గర మిషను మీద అంకె మెల్లగా దిగిపోతుంటే బావ మొహంలో రక్తం లేదు. మొదటి మోతాదుకు గుండె నెమ్మదిస్తుంది, ఒక్కోసారి మరీ నెమ్మదిస్తుంది, అందుకే ఇక్కడ అని సిస్టరు చెప్పింది. ఆ రోజు అత్త రాలేదు. వచ్చి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ పాఠంలా వచ్చు. మీ అంతట మీరు మానకండి. ఏ కారణం చేతనైనా రెండు వారాలు దాటి మానితే, మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి, ఇక్కడికి రండి, మొదటి రోజులాగే మంచం మీద మింగాలి. జ్వరం వచ్చినా, చూపు మారినా ఆగకుండా ఫోన్ చెయ్యండి. "చిన్న క్యాప్సూల్ కదా అని చిన్నచూపు చూడకండి" అని నవ్వాడు. మొదటి నెల మా ఇంట్లో ఆ డబ్బాకు ఉన్న మర్యాద అల్లుడికి కూడా లేదు. పొద్దున చోడి అంబలి తాగగానే అత్తే గుర్తుచేసేది.

ఆ మందు మీద దగ్గర దగ్గర రెండేళ్ళు బాగున్నాను. కాళ్ళు తిరిగి వచ్చాయి. ఎడమ కన్ను ఎలా ఉన్నదో అలాగే ఉండిపోయింది కానీ కుడి కన్ను నిక్షేపంగా ఉంది. దారం ఎక్కించేది ఆ కన్నే, రంగు పోల్చేది ఆ కన్నే. ఆ ఒక్క కన్నూ ఉంటే చాలు, ఇంకేమీ అడగను అనుకునేదాన్ని.

ఆ వేసవి సెలవులకు మా వదిన, అంటే అత్త కూతురు, గజపతినగరం నుంచి ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వచ్చింది. పెద్దది ఆడపిల్ల, రెండోవాడు మగపిల్లాడు. వచ్చిన వారానికి పెద్దదానికి ఒళ్ళు కాలింది. మర్నాటికి కడుపు మీద, మెడ మీద నీటి బొబ్బలు. అత్త పిల్ల గౌను ఎత్తి చూసి, రెండు చేతులూ జోడించి కళ్ళు మూసుకుంది. ఆ క్షణం నుంచి అది మా ఇల్లు కాదు, అమ్మవారి ఇల్లు.

మా వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఘటం పెట్టారు. పొయ్యి మీద తాళింపు లేదు, ఇంట్లోకి నీచు రాదు, బయటివాళ్ళు రాకూడదు, ఇంట్లోవాళ్ళు ఊరి పొలిమేర దాటకూడదు. పిల్లను వేపాకుల మీద పడుకోబెట్టి, దురద పెడితే వేపమండతోనే నిమరాలి. మూడు విడతలు నీళ్ళు పోశాక తల్లి చల్లబడి వెళ్తుంది. అప్పటిదాకా ఇంట్లో మందన్నది ఎవరూ ముట్టకూడదు. తలనొప్పి బిళ్ళయినా సరే. "తల్లిది వేడి, మందు వేడి. రెండూ ఒక్క కప్పు కింద ఇమడవు" అనేది అత్త. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన ఆచారమే. మా అమ్మ ఇంట్లోనూ ఇదే.

అందుకే మూట ఘటం ముందుకు వెళ్ళిన రోజు నా చెయ్యి లేవలేదు. కానీ నాకు కోపం తక్కువేం కాదు. మధ్యాహ్నానికి తేరుకుని దెబ్బలాటకు దిగాను.

"దానికొచ్చిన తల్లి వేరు, నాకొచ్చిన జబ్బు వేరు. పిల్లకి మందెయ్యమంటన్నానేటి? నా మందు నన్ను మింగనీ."

"నువ్వు ఆ సూది ఏయించుకున్నప్పుడే అనుకున్నాను. నన్ను రానివ్వరేటి అని తల్లి పంతం పట్టింది. నిన్నొగ్గీసి పసిదాని మీద పడింది."

వదిన పిల్ల పక్కనే కూర్చుని ఉంది. నా వైపు చూసిన చూపులో అదే ఉంది. నాకు రావాల్సింది తన కూతురికి వచ్చిందని. ఆ చూపు భరించలేక గభాలున ఘటం దగ్గరకు వెళ్ళి వంగాను. అత్త అడ్డం రాలేదు. ఉన్నచోటే కూలబడింది.

"తియ్యి. తీసీ. నేనాపను. ఆ పసిగుంటకేటైనా అయితే నీ సేత్తో అయినట్టే."

మూట మీద చెయ్యి వేశాను కూడా. పసుపు తడి వేళ్ళకు తగిలింది. లోపల పిల్ల మూలిగింది. తీయలేకపోయాను. ఎంత చదువుకున్నా, ఎన్ని ఆసుపత్రులు తిరిగినా నేను పుట్టింది ఆ వేపమండల కిందే. తీసి మింగి, పిల్లకు ఏమైనా అయితే, ఆ తర్వాత నాకు చూపు ఉండి ఏం చూడాలి?

ఆసుపత్రికి ఫోన్ చేశాను. సిస్టరు దొరికింది. నేను చెప్పింది విని, "ఎవరు మానమన్నారమ్మా?" అని అరిచినంత పని చేసింది. టీకా పడింది కాబట్టి భయం తక్కువ, అయినా పిల్ల ఉన్న గదిలోకి వెళ్ళకండి, జ్వరం వస్తే చెప్పండి, మందు మాత్రం ఆపకండి అంది. "ఈ మందు మానేస్తే జబ్బు ఊరుకోదు. కొంతమందికి ముందుకన్నా గట్టిగా తిరగబడుతుంది" అని కూడా చెప్పింది. ఫోను స్పీకరులో పెట్టాను, అత్త వినాలని. అత్త కొంగుతో చెవులు మూసుకుని దొడ్లోకి వెళ్ళిపోయింది.

బావను పట్టుకున్నాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు ఉంది అతని పని. "ఇంకెన్నాళ్ళు, మూడో నీళ్ళు అయిపోతే అయిపోతాది గదా. రెండు వారాల్లోపే అయిపోతాది" అన్నాడు. లెక్క బాగానే ఉంది. నేనూ ఆ లెక్కకే వేలాడాను. శ్రీముఖలింగంలో ఉన్న అమ్మకు ఫోన్ చేస్తే, "మీ అత్త సెప్పినట్టు ఇను. తల్లితో పంతాలేటి?" అంది. నా తరఫున మాట్లాడేవాళ్ళు ఈ భూమ్మీద ఒక్కరు కూడా లేరని ఆ రోజు తెలిసింది.

ఒకనాడు ఎండలో నడిచి హైవే పక్కన మందుల షాపుకు వెళ్ళాను. ఇంకో డబ్బా దొరికితే అత్తకు తెలియకుండా మిషను సొరుగులో పెట్టుకుని మింగేద్దామని. షాపాయన చీటీ చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది మా దగ్గరే కాదు, శ్రీకాకుళంలోనూ దొరకదు. వైజాగ్ నుంచి తెప్పించాల" అన్నాడు. తెప్పించమన్నాను. అప్పుడాయన, "మీ గుమ్మానికి వేపమండలున్నాయి గదమ్మా, ఇప్పుడు మందులేటి? తల్లి ఎల్లనీ" అన్నాడు, ఎంతో దయగా. మందులు అమ్ముకునేవాడు కూడా! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, మా ఊళ్ళో మందుల షాపుల్లో కూడా పూజారులే కూర్చున్నారు.

పెద్దదానికి మొదటి నీళ్ళు పోశారు. రెండో నీళ్ళు పోశారు. మూడో నీళ్ళకు వేపాకు నానబెట్టిన పొద్దున, రెండోవాడు వీపు గోకుకుంటూ వచ్చి వాళ్ళమ్మ ముందు నిలబడ్డాడు. వాడి చొక్కా ఎత్తగానే వదిన ఏడుపు. అత్త మళ్ళీ చేతులు జోడించింది. నేను మిషను మీద తల పెట్టుకుని, చెవులు మూసుకుని కూర్చున్నాను. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ మూడు నీళ్ళు. మూట కదలదు.

ఆ తర్వాత రోజుల్లో అందరూ నిద్రపోయే మధ్యాహ్నం వేళ వెళ్ళి ఘటం ముందు కూర్చునేదాన్ని. మొక్కడానికి కాదు. దెబ్బలాడటానికి. ఏం తల్లీ, నీకు నా కన్ను ఎందుకు? ఇంత ఊళ్ళో నీకు కళ్ళు కరువయ్యాయా? పోనీ ఎడమది తీసుకున్నావు, నేనేమైనా అన్నానా? ఇలా లోపల లోపలే అడిగేదాన్ని. అడిగి మళ్ళీ భయపడి చెంపలు వేసుకునేదాన్ని. గోరంత దూరంలో నా మందు ఉంది. దాని మీద బొట్టు ఉంది. రెండు వారాలు ఎప్పుడో దాటిపోయాయి. ఇప్పుడు దొంగతనంగా తీసుకున్నా మింగడానికి లేదు, గుండె సంగతి నాకు తెలుసు; ఆసుపత్రికి వెళ్దామంటే పొలిమేర దాటడానికి లేదు. మందు ఎదురుగా పెట్టుకుని, అందినా పనికిరాని చోటికి వచ్చేశాను. చచ్చిపోతే బాగుండు అనిపించింది. అనిపించిందని రాయడానికి నాకు సిగ్గు లేదు.

ఒకరోజు అలా కూర్చుని ఉండగా బొట్టు రంగు మారినట్టు అనిపించింది. కుంకుమ పాతబడి నల్లబడిందేమో అనుకున్నాను. ఎందుకో ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూశాను. గోధుమ రంగు. కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాను. అదే గోధుమ రంగు. ఎడమ కంటికి ఎరుపు అలా కనబడటం నాకు అలవాటే. కుడి కంటికి కాదు. కన్ను పక్కకు తిప్పితే లోపల ఎక్కడో పోటు. లేచి వెళ్ళి అత్తకు చెప్పాను.

"ఎండలే" అంది అత్త. నిజమే, ఎండకు ఒళ్ళు వేడెక్కితే ఈ జబ్బువాళ్ళకు చూపు కాసేపు మసకబారుతుందని డాక్టరు కూడా చెప్పాడు. చల్లబడితే తిరిగి వస్తుంది. నేను తల మీద తడిగుడ్డ వేసుకుని కూర్చున్నాను, ఎండే కావాలి తల్లీ, ఎండే కావాలి అనుకుంటూ. సాయంత్రం చల్లబడింది. చూపు తేరుకోలేదు.

బావకు చెబితే నమ్మాలా వద్దా అన్నట్టు చూశాడు. మర్నాడు మిల్లు నుంచి అన్నానికి వచ్చి, మిషను మీద ఉన్న జాకెట్టు చేతిలోకి తీసుకున్నాడు. ఎర్ర పట్టు జాకెట్టు, ఎవరిదో పెళ్ళిది.

"ఇదేటే, దీనికి ఈ దారమేటి?"

"ఏం? ఎర్రదే గదా."

"ఎర్రదేటి? ఇటుకరాయి రంగు గదే ఇది!"

అతని చేతిలోంచి జాకెట్టు లాక్కుని కిటికీ దగ్గర పెట్టి చూశాను. రెండూ ఒక్కలాగే ఉన్నాయి నాకు. నా చేతి కుట్టు ఎక్కడ మొదలైందో తెలియదనేవారు. ఇప్పుడు వీధి చివర నుంచి కూడా కనబడుతుంది. బావ గోడకు చేరబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్ళి, "అమ్మా, రేపు దీన్ని వైజాగ్ తీసుకెళ్తాను" అన్నాడు. రేపు చిన్నవాడికి మూడో నీళ్ళు, అవగానే వెళ్ళండి అంది అత్త. మళ్ళీ దెబ్బలాడటానికి నాకు ఓపిక లేదు.

మర్నాడు పొద్దున్నే నీళ్ళు పోశారు. ఘటాన్ని సాగనంపారు. అత్త తలస్నానం చేసి, మూట విప్పి, డబ్బాలోంచి ఒక క్యాప్సూల్ తీసి, అరచేతిలో పెట్టుకుని నా దగ్గరకు వచ్చింది. రెండో చేతిలో నీళ్ళ గ్లాసు. మొహమంతా నవ్వు.

"మింగీ తల్లీ. ఇన్నాళ్ళూ ఆ తల్లి కాడ ఉన్నాది, రెండింతలు పనిసేస్తాది."

"ఇప్పుడు మింగకూడదత్తా."

నవ్వు పోయింది. "ఇన్నాళ్ళూ మందు మందని నన్ను కాల్సుకు తిన్నావు. ఇప్పుడొద్దంటావేటి?"

"ఇన్నాళ్ళు మానేసాక ఇంటికాడ మింగితే గుండె ఆగినా ఆగుతాది. ఆసుపత్రిలోనే మింగాల."

"గుండె ఆగే మందు రెండేళ్ళు నా సేత్తో నీకిచ్చినానా? నా మీద కోపంతో కన్ను పోగొట్టుకుంటావేటే?"

గ్లాసులో నీళ్ళు ఒలికి నా కాళ్ళ మీద పడ్డాయి. పళ్ళు బిగబట్టి తల అటూ ఇటూ ఊపుతూ నిలబడ్డాను, మందు వద్దని మారాం చేసే పిల్లలాగా. ఇన్నాళ్ళు దేనికోసం ఏడ్చానో అది నా పెదవుల దాకా వచ్చింది, నేను నోరు తెరవలేను. అప్పుడు బావ మధ్యకు వచ్చాడు.

"అమ్మా, అది సెప్పింది నిజం. ఆ రోజు నేను సూసాను. గుండె అంకె దిగిపోయింది."

"మరి ముందే సెప్పొచ్చు గదరా!"

"సెప్తే ఇన్నావేటి? సెవులు మూసుకున్నావు గదే!"

అత్త మా ఇద్దరి మొహాలూ చూసి, క్యాప్సూల్‌ను మళ్ళీ డబ్బాలో పెట్టింది. చీర మార్చుకుని మాతో బస్సెక్కింది.

ఆసుపత్రిలో డాక్టరు ఎవరు మానమన్నారని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్త, "నేనే బాబూ" అంది. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఆమె ఏడ్చి తేలికపడేది. కంటి నరం వాచిందని సెలైన్‌లో మందు ఎక్కించారు, రోజుకొక సీసా చొప్పున కొన్నాళ్ళు. ఆ తర్వాత, రక్తపరీక్షలు అయ్యాక, ఒక పొద్దున మళ్ళీ గుండెకు తీగలు పెట్టి క్యాప్సూల్ మింగించారు. ఈసారి పక్కన అత్త కూర్చుంది.

ఆమెకు అంకెలు చదవడం వచ్చు. మిషను వైపే చూస్తూ కూర్చుంది. డెబ్బై చిల్లర నుంచి అరవైలోకి, అరవై నుంచి యాభైలోకి. యాభై కిందికి దిగేసరికి లేచి నిలబడి నా చెయ్యి పట్టుకుంది. సిస్టరు వచ్చి, బీపీ చూసి, తల తిరుగుతోందా అని అడిగి, మరో సిస్టరును పిలిచింది. కాసేపటికి అంకె నిలబడింది, మెల్లగా పైకి కదిలింది. అత్త అప్పటికి గానీ కూర్చోలేదు.

"ఇంటికాడ మింగుంటే సచ్చిపోయేదేటి ఇది?" అని సిస్టరును అడిగింది.

"ఏమీ అవకపోయి ఉండొచ్చు అమ్మా. కానీ ఏదైనా అయితే అక్కడ చూసేవాళ్ళు ఎవరుంటారు?"

అత్త తల దించుకుంది. ఆ మూడు ముక్కలూ నేను ఎన్ని రకాలుగా అరిచి చెప్పానో. వినబడింది ఇప్పటికి.

కుడి కన్ను పూర్తిగా తిరిగి రాలేదు. మనుషులు కనబడతారు, దారి కనబడుతుంది. సూది బెజ్జం కనబడదు. పెళ్ళి జాకెట్లు మానేశాను. లంగాలు, దిండు గలీబులు కుడతాను, చేతి అలవాటు మీద. రోజూ పొద్దున అత్త కళ్ళద్దాలు పెట్టుకుని నా సూదులన్నిటికీ దారాలు ఎక్కించి, రంగు రంగుకూ వేరుగా దిండుకు గుచ్చి పెడుతుంది. మిషనుకూ ఆమే ఎక్కిస్తుంది. ఆ తర్వాత క్యాప్సూల్ ఇచ్చి, నేను మింగి నోరు తెరిచి చూపించేదాకా కదలదు. క్షమించమని ఆమె అడగలేదు. క్షమించానని నేను చెప్పలేదు. కొన్ని రోజులు ఆ దారాలు చూస్తే ఒళ్ళు మండుతుంది. కొన్ని రోజులు ఏడుపొస్తుంది.

మొన్నటేడు వేసవిలో వదిన మూడో బిడ్డతో వచ్చింది. చంటిది, ఇంకా మాటలు రాలేదు. వచ్చిన నాలుగైదు రోజులకే దాని బుగ్గ మీద నీటి బొబ్బ. వేపమండలు వచ్చాయి. ఘటం వచ్చింది. తాళింపు ఆగిపోయింది. ఆ రోజు నేను వసారా గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. డబ్బాను గుండెలకు ఆనించుకుని, ఈసారి ఎవరొచ్చినా ఇవ్వను, చంపినా ఇవ్వను అనుకున్నాను. బావ ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. మందు ఆపొద్దు, బిడ్డ దగ్గరకు వెళ్ళొద్దు అన్నారు.

మర్నాడు పొద్దున అత్త తలుపు కొట్టింది. తీశాను. మోచేతుల దాకా కడుక్కున్న చేతులతో, నీళ్ళ గ్లాసుతో గడప అవతలే నిలబడి ఉంది. లోపలికి రాలేదు.

"మందు తీసి మింగీ."

"తల్లి ఇంట్లో ఉన్నాది గదత్తా" అన్నాను, చివరికి నేనే.

"ఉన్నాది. ఘటం కాడ కూకుని సెప్పుకున్నాను. నా కోడలు మందు మానదు తల్లీ, తప్పనుకుంటే దాన్నడక్కు, ఆ పసిదాన్నడక్కు, నన్నడుగు అని."

"మరి నీకేటైనా అయితే?"

"అవనీ. నాకు కళ్ళు రెండూ ఉన్నాయి గదా. బేగి మింగు."

మింగాను. నోరు తెరిచి చూపించాను. గ్లాసు తిరిగి ఇస్తుంటే ఆమె గాజులు గలగలమన్నాయి. మొహం నాకు సరిగ్గా కనబడలేదు గానీ, గ్లాసు తీసుకుని ఆమె నేరుగా ఘటం దగ్గరకే వెళ్ళింది.